మంచుకొండకు ఎంత కిటికీ?

కాంగ్రా లోయలో ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్ల మొదటి కోరిక ఒకటే: హాల్లో కూర్చుంటే ధౌలాధార్ మొత్తం కనపడాలి. ఆ కోరికలో తప్పేమీ లేదు. హిమాచల్‌లో ఈ పర్వతశ్రేణి తీరే వేరు. ముందు గుట్టలు, వాటి వెనక కొండలు, ఆపైన శిఖరాలు అన్న వరస ఇక్కడ ఉండదు. వరి మళ్లు, తేయాకు తోటలు దాటగానే 4,000 మీటర్లు దాటిన శిఖరాలు గోడ కట్టినట్టు లేచి నిలబడతాయి. ధర్మశాల, సిద్ధబాడి, పాలంపూర్, ఎక్కడి నుంచి ఉత్తరానికి తలతిప్పినా చూపు వాటిమీదే ఆగుతుంది.

చిక్కంతా ఆ ఉత్తరంతోనే. చలికాలపు ఎండ దక్షిణం నుంచి వస్తుంది. డిసెంబరు చివర్లో ధర్మశాలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 34 డిగ్రీల ఎత్తుకే లేస్తాడు. దృశ్యం ఒకవైపు, వెచ్చదనం దానికి సరిగ్గా ఎదురువైపు. ఉత్తరపు గోడంతా అద్దం పెడితే ఫొటోలో గొప్పగా ఉంటుంది, జనవరి రాత్రి మాత్రం ఆ గదిలో హీటరు పక్కన కూడా వణుకు తప్పదు.

రెండో చిక్కు వాలుతో వస్తుంది. శిఖరాలు ఉత్తరాన ఉన్నాయి కాబట్టి నేల మొత్తంమీద దక్షిణానికి దిగుతుంది, మంచుకొండ ఇంటికి ఎగువన, వీపు వెనక ఉంటుంది. జేసీబీ తెచ్చి వాలును నిలువునా కోసి, చదును చేసి, డబ్బా లాంటి భవనం నిలబెడితే వెనక గదుల కిటికీల ముందు మిగిలేది కోసిన మట్టికట్టే. ఏ కొండ కోసం అక్కడ కట్టారో అది కింది అంతస్తుకు కనపడదు. అప్పుడు మూడో అంతస్తు, నాలుగో అంతస్తు. కోసిన వాలు మీద బరువు అలా పెరుగుతూ పోతుంది.

2023 ఆగస్టు వానల్లో సిమ్లా కృష్ణానగర్‌లో, కుల్లూ జిల్లా ఆనీలో భవనాలు కళ్లముందే కూలిన వీడియోలు దేశమంతా చూసింది. ప్రతి భవనం కూలడానికీ కారణం ఒక్కటే అనలేం. కానీ కొండమీద ఇంటికి పెద్ద శత్రువు నీరని ఆ పనిలో ఉన్న ఏ ఇంజినీరైనా చెబుతారు. వానకు నానిన మట్టి బరువెక్కుతుంది, పట్టు సడలుతుంది. అడ్డుగోడ వెనక చేరిన నీరు గోడను ముందుకు తోస్తుంది. అందుకే గోడలో నీరు దిగే రంధ్రాలు, దాని వెనక గులకరాళ్ల పొర, ఇంటికి ఎగువన వాననీటిని పక్కకు మళ్లించే కాలువ ఉండాలి. ధర్మశాల హిమాచల్‌లోనే బాగా వానలు పడే చోటు. స్థలాన్ని జూలైలో, జోరువానలో చూసి, నీరు ఏ దారిన పోతోందో గుర్తుపెట్టుకున్నాకే ప్లాను గీయించాలి. ఏ గదినుంచి ఏం కనపడాలన్న మాట ఆ తర్వాతే.

ఈ లోయకు తగిన ఇల్లు ఎలా ఉండాలో కట్టి చూపిన మనిషి దీదీ కాంట్రాక్టర్. చిత్రకారుల బిడ్డ. అమెరికాలో పుట్టి, గుజరాతీ ఇంజినీరును పెళ్లాడి భారతదేశం వచ్చి, 1970లలో కాంగ్రా చేరారు. ఆర్కిటెక్చర్ డిగ్రీ లేదు. పచ్చి ఇటుక, నదిరాయి, వెదురు, పలకరాయి, అన్నీ ఆ చుట్టుపక్కల దొరికేవే. వాటితోనే ఇళ్లు, సిద్ధబాడిలో నిష్ఠా ఆరోగ్య కేంద్రం, పాలంపూర్ దగ్గర సంభావనా సంస్థ, బీర్‌లో ధర్మాలయ కట్టించారు. నారీశక్తి పురస్కారం అందుకున్న రెండేళ్లకు, 2021లో కన్నుమూశారు.

ఆమె కట్టడాల దారిలో ఒక కిటికీని ఊహించండి. మట్టిగోడ మందం మూరెడు. ఆ మందమే కిటికీ దగ్గర కూర్చునే అరుగవుతుంది. అరుగు మీద పలకరాయి, పక్కన సున్నం వేసిన వాలు అంచు. వెలుతురు ఆ అంచుకు తగిలి మెత్తబడి లోపలికి వస్తుంది. ఉత్తరపు కిటికీ చిన్నదే, కానీ కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు సరిపోయేలా పెడితే శిఖరం అందులో నిండుగా నిలుస్తుంది. గోడంతా అద్దమైతే నాలుగు రోజులకే కొండ కళ్లకు అలవాటైపోతుంది. లేచి వెళ్లి చూడాల్సిన కిటికీలో అది రోజూ కొత్తగానే ఉంటుందని నా నమ్మకం. దక్షిణాన మాత్రం కిటికీలు పెద్దవి, వాటిపై చూరు. జూన్‌లో 80 డిగ్రీలు దాటి నడినెత్తికి వచ్చే ఎండను చూరు ఆపుతుంది, డిసెంబరు ఎండను గది మధ్యదాకా రానిస్తుంది. ఇంటిని వాలుతోపాటే మెట్లుమెట్లుగా దించితే ఎగువ గది కింది కప్పుమీదుగా లోయనూ, వెనక కిటికీలోంచి మంచునూ చూస్తుంది. కొండను తక్కువ కోసిన ఇంటికే కొండ ఎక్కువ కనపడుతుంది.

మట్టి అన్నంత మాత్రాన భద్రం కాదు. 1905 ఏప్రిల్ 4 నాటి కాంగ్రా భూకంపంలో దాదాపు 20,000 మంది చనిపోయారు. వాళ్లలో ఎందరో తమ ఇళ్ల కిందే నలిగిపోయారు. పునాది దగ్గర, కిటికీల పైన, కప్పు కింద ఇంటిచుట్టూ తెగకుండా తిరిగే పట్టీలు ఉండి తీరాలి. రాయి, దేవదారు దూలాలు వరస మార్చి పేర్చే కాఠ్‌కుణీ పద్ధతిలో పహాడీలు ఈ సంగతిని ఎప్పుడో పట్టుకున్నారు. ఆ పద్ధతిలో కట్టిన కుల్లూ లోయలోని నగ్గర్ కోట ఆ భూకంపాన్ని తట్టుకుంది.

ఇదంతా చదివి అరకుమీద మనసు పడే తెలుగువాళ్లు ఎందరో ఉంటారు. అక్కడ లెక్క మారుతుంది. చలికాలపు మధ్యాహ్న సూర్యుడు 48 డిగ్రీల దాకా లేస్తాడు, కాబట్టి ఎండ కోసం ఇంత తపన అక్కర్లేదు. వానకూ పడమటి ఎండకూ జాగ్రత్తపడితే కిటికీలు ధారాళంగా తెరవచ్చు. కానీ 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనలేరు. అది అలాగే ఉండాలి. హిమాచల్‌లోనూ వ్యవసాయదారులు కాని వాళ్లు అక్కడి భూసంస్కరణల చట్టం 118వ సెక్షన్ కింద ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేరు. అరకులో కట్టే హక్కు, కట్టే అవసరం గిరిజన కుటుంబాలవి. పర్యాటకుల కోసం గది వేయాలనుకున్నప్పుడు వాళ్లకు బ్యాంకు అప్పు దొరికేది సిమెంటు డబ్బాకే కాకుండా, కిందికి దిగిన చూరు, మట్టిగోడ, భూకంప పట్టీ ఉన్న ఇంటికీ దొరకాలి. ఆ గోడ పెట్టడం తెలిసిన చేతులు ఆ ఊళ్లలో ఇంకా ఉన్నాయి.