చిక్కడపల్లికి ఆటో కట్టే ముందు ఈ లెక్క వేసుకోండి

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో టమాటా కిలో ముప్పై పలుకుతోందని వింటే, చేలో పదిహేనుకు కూడా అడిగే దిక్కులేని రైతుకు కడుపు మండుతుంది. వినియోగదారుడు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలేనని రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన అధ్యయనమే చెప్పింది. "మనమే తీసుకెళ్లి అమ్ముకుంటే పోలా?" అనిపించడం సహజం. అయితే ఆటో మాట్లాడుకునే ముందు కాగితం, పెన్సిలు తీసుకోండి.

వ్యాపారులు దీన్ని అమ్మిన సరుకు ఖర్చుకూ రాబడికీ మధ్య నిష్పత్తి అంటారు. పేరు పెద్దదే గానీ లెక్క తేలిక. సరుకు మీద అయిన ఖర్చును అమ్మగా వచ్చిన డబ్బుతో భాగించి వందతో గుణించాలి. 60 వచ్చిందంటే, చేతికొచ్చిన వందలో అరవై సరుకుకే పోయాయన్నమాట. మిగిలిన నలభైలోనే దారి ఖర్చులు, వడ్డీ, ఇల్లు గడవడం, వచ్చే పంటకు పెట్టుబడి అన్నీ. వంద దాటితే చేతి డబ్బు పోయినట్టే.

ఏది ఖర్చు, ఏది కాదు?

నారు, దుక్కి, ఎరువులు, మందులు, కర్రలు, తీగ, కూలి ఇవన్నీ రాయాలి. చాలామంది వదిలేసేది ఇంటివాళ్ల కష్టం. మీ ఇల్లాలు నలభై రోజులు కాయ కోస్తే అది ఊరికే వచ్చిన పని కాదు, ఊళ్లో నడిచే కూలి రేటు కట్టి రాయండి. పెళ్లి ఖర్చు, ఆస్పత్రి ఖర్చు మాత్రం పంటకు అంటగట్టొద్దు.

మద్దతు ధర లెక్కలోనూ ఇంటివారి శ్రమకు విలువ కడతారు. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం వరికి దేశం మొత్తం మీద సగటు ఖర్చు క్వింటాలుకు 1,579 రూపాయలని లెక్కించి, మద్దతు ధర 2,369గా ప్రకటించారు. భాగించి చూస్తే నూటికి 67. సొంత భూమికి కౌలు విలువ కడితే అంత మిగలదు, అది వేరే సంగతి.

'అమ్మిన సరుకు' అన్న మాట కూడా గమనించాలి. పసుపు ఇరవై క్వింటాళ్లు పండి పన్నెండే అమ్మితే, ఆ పన్నెండింటి ఖర్చే ఈ లెక్కలోకి వస్తుంది. ఎనిమిది క్వింటాళ్ల ఖర్చు అవి అమ్మిన రోజున చూసుకోవాలి. టమాటాకు ఆ వీలు లేదు. యాభై వేలు పెట్టి 5,000 కిలోలు పండిస్తే కిలోకు పది రూపాయలు పడింది. అందులో 500 కిలోలు కుళ్లిపోతే ఆ ఖర్చూ మంచి కాయ మీదే పడి, కిలో 11 రూపాయలు దాటుతుంది.

ఇక ఆటో సంగతి

ఒక లెక్క అనుకుందాం. కిలో మీద సాగు ఖర్చు 9 రూపాయలు, సరుకు వంద కిలోలు. మండీలో 14 చొప్పున 1,400 వచ్చాయి. ఖర్చు 900, అంటే నూటికి 64. ఊరివాళ్లతో కలిసి వేసిన బండికి, హమాలీకి 150 పోగా మిగిలింది 350.

అదే సరుకు మీరే చిక్కడపల్లికో నారాయణగూడకో తెచ్చి, 85 కిలోలు 22 చొప్పున, సాయంత్రానికి మెత్తబడ్డ 15 కిలోలు పదికి అమ్మారు. మొత్తం 2,020. నిష్పత్తి 45కు దిగింది! సంబరపడకండి. ఆటోకు 500, మీ రోజు కూలి 500, తిండికి, టీకి 100 తీసేయండి. మిగిలింది ఇరవై రూపాయలు. నిష్పత్తి తగ్గినా మండీయే నయమైంది. అమ్మకానికయ్యే ఖర్చులు ఈ నిష్పత్తిలోకి రావు గనక దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

నలుగురు రైతులు కలిస్తే కథ మారుతుంది. పెద్ద ఆటోకు 900, ఇద్దరి కూలి 1,000, తిండికి 100, అంతా కలిపి 2,000. ఒక్కొక్కరి వాటా 500. అదే 2,020లో 620 మిగులుతుంది. అయితే నలుగురూ టమాటాయే తెస్తే రేటు మీరే పడగొట్టుకున్నట్టు. ఒకరు బెండ, ఒకరు ఆకుకూర తేవాలి.

ఎక్కడ కూర్చోవాలన్నదీ ముందే చూసుకోవాలి. అందుకే 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలుపెట్టారు, గుర్తింపు కార్డున్న రైతు అక్కడ దళారి లేకుండా అమ్ముకోవచ్చు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లు, మెస్సులు చాలా ఉన్నాయి. రోజూ ఇరవై కిలోలు తీసుకునే మెస్సు ఒకటి కుదిరితే, కిలోకు రెండు మూడు రూపాయలు తగ్గించినా నష్టం లేదు. కూర్చునే రోజూ, కుళ్లే కాయా రెండూ తగ్గుతాయి.

దుకాణదారుతో మాత్రం పోల్చుకోకండి. నారాయణగూడలో పాల ప్యాకెట్లు అమ్మేవాడికి వందలో తొంభైకి పైగా సరుకుకే పోయినా బతుకుతాడు, అతని డబ్బు రోజూ తిరుగుతుంది. మీ పెట్టుబడి తిరిగి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, ఆ మధ్యలో ఒక వడగళ్ల వాన చాలు. అప్పు మీద సాగు చేసేవారు 80 దాటిన పంటను మరో కారు వేసే ముందు రెండుసార్లు ఆలోచించాలి. పంటకొక పేజీ పెట్టి, ఖర్చు ఎడమన, అమ్మకం కుడిన, ఏ రోజుది ఆ రోజే రాయండి. కోతలయ్యాక గుర్తు తెచ్చుకుని రాస్తే మందుల బిల్లు ఒకటైనా తప్పిపోతుంది.