తాత సైకిల్‌పై కోట్‌పల్లికి!

వీకెండ్ వస్తే చాలు.. కయాకింగ్ అంటూ కుర్రకారు కోట్‌పల్లి ప్రాజెక్టు బాట పడుతోంది. వికారాబాద్ నుంచి అనంతగిరి గుట్టల మీదుగా ఆ దారిలో సైకిల్ తొక్కితే ఆ కిక్కే వేరు. దానికి కార్బన్ సైకిలే కొనక్కర్లేదు. ఇంటి వెనక తుప్పు పట్టిన తాత సైకిల్ ఉందా? రంగు వేయించే ముందు ఇవి చూసుకోండి.

ఫ్రేమ్ తిన్నగా ఉందా?
వెనక చక్రం బిగించే చోట దారం కట్టి, హ్యాండిల్ కింది గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు అదే చోటుకు లాగండి. సీటు గొట్టానికి దారం రెండు పక్కలా ఒకే దూరంలో ఉంటే ఓకే. కొద్దిపాటి వంకరైతే అనుభవమున్న మెకానిక్ సరిచేస్తాడు. అతుకుల దగ్గర పగులుంటే మాత్రం తొక్కొద్దు.

మీకు సరిపోతుందా?
పైగొట్టానికి అటో కాలు, ఇటో కాలు వేసి నిలబడితే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. సీటెక్కి, కిందికి వచ్చిన పెడల్‌పై మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. సీటు రాడ్ ఇరుక్కుందా? సుత్తితో బాదొద్దు. నూనె పోసి రాత్రంతా వదిలేయండి.

బ్రేకులు పడుతున్నాయా?
ముందు బ్రేక్ రబ్బర్లు మార్చండి. అయినా స్టీల్ రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది. గుట్ట దిగేటప్పుడు వాన పడితే నడిపించుకుంటూ రండి, నామోషీ ఏం లేదు.

2020 జూన్ 3.. సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ మూతపడింది. ఇంట్లో ఉన్నది అట్లాసే అయితే, పాత ఇనుప సామాన్లకు వేసేముందు ఒక్కసారి ఆలోచించండి!