పాత పుస్తకం వాసన

పాత పుస్తకం చేతికందగానే పుటల మధ్య ముక్కు పెట్టి గట్టిగా పీల్చేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ కమ్మదనం కాగితం చివికిపోతూ గాలిలోకి వదిలే రసాయనాలది.

కాగితంలో ప్రధానంగా ఉండేది సెల్యులోజ్. 19వ శతాబ్దం మధ్య నుంచి గుడ్డపేలికల స్థానంలో కలప గుజ్జు వాడకం పెరగడంతో, దానితోపాటు లిగ్నిన్ అనే పదార్థం కూడా వచ్చి చేరింది. సిరా పాకకుండా గుజ్జులో పటిక కలిపేవారు. పటిక వల్ల పుట్టే ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను ఏళ్ల తరబడి తెంచుతూ పోతుంది. అందులోంచి ఫర్‌ఫ్యూరల్ అనే రసాయనం పుడుతుంది. లిగ్నిన్ విరిగితే వచ్చేది వెనిలిన్; ఐస్‌క్రీముల్లో మనకు తెలిసిన వాసనే. లిగ్నిన్ ఎక్కువగా ఉండేది న్యూస్‌ప్రింట్‌లో. అందుకే అటక మీది పాత వారపత్రికల అంచులు ముందు పసుపెక్కి, ఆపై గోధుమరంగుకు తిరిగి, మూల మడిస్తే చాలు పుటుక్కున ఊడి వస్తాయి.

2009లో లండన్‌ యూనివర్సిటీ కాలేజీలో మతియా స్ట్రిలిచ్ బృందం 72 పాత కాగితాల ఆవిర్లను పరీక్షించింది. పుస్తకంలోంచి చిన్న ముక్క కూడా తుంచకుండా, వాసనను బట్టే దాని ఆరోగ్యాన్ని అంచనా వేయవచ్చని చూపింది. గ్రంథాలయాలకు ఇంతకన్నా మేలైన కానుక నాకు తోచదు.

మరి మన ఒంట్లో ఏమవుతుంది? ముక్కులో వాసనలను పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు. చూపు, వినికిడి సంకేతాలు మెదడులోని థాలమస్ మీదుగా వెళ్లాలి. వాసన మాత్రం అక్కడ ఆగకుండా, భావోద్వేగాలను చూసే అమిగ్డలాకు చేరుతుంది; జ్ఞాపకాల కేంద్రమూ ఆ పక్కనే. పాత పుస్తకం వాసన తగలగానే బడి గ్రంథాలయం ఒక్కసారిగా కళ్లముందు నిలిచేది అందుకే.

జపాన్‌లో 1985లో ఒక పాఠకురాలు పత్రికకు చిత్రమైన ఉత్తరం రాశారు: పుస్తకాల షాపులో అడుగుపెడితే చాలు, తనకు మలవిసర్జనకు వెళ్లాలనిపిస్తుందని. తమకూ అంతేనంటూ ఎందరో రాశారు. కాగితం, సిరా వాసనే కారణమన్నది ఒక ఊహ, రుజువు కాలేదు.

పాత పుస్తకం తెరిస్తే వచ్చే తుమ్ముల సంగతి వేరు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ముక్కిపోయిన వాసన వస్తోందంటే కాగితంలో బూజు చేరిందనే అర్థం. ఆ వాసన హెచ్చరిక మాత్రమే. ముక్కు కారడం, కళ్లు దురద, ఆస్తమా ఉన్నవారికి ఆయాసం తెచ్చేవి బూజు బీజాలు, దుమ్ములోని సూక్ష్మపురుగులు. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పెరుగుతుంది. మన కోస్తా ఊళ్లలో వానాకాలమంతా ఇదే పరిస్థితి.

బూజు పట్టిన పుస్తకాన్ని పీల్చి చూడకండి. మాస్కు పెట్టుకుని, విడిగా తీసి, గాలి ఆడే నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు, వెలుతురు లిగ్నిన్‌ను ఇంకా త్వరగా పాడుచేస్తుంది. బాగా ఆరాక ఆరుబయట మెత్తని బ్రష్షుతో దులపండి. బీరువాను గోడకు ఆనించకండి. కలరా ఉండలతో బూజు వాసన మరుగున పడుతుందే తప్ప తేమ పోదు. పైగా వాటి ఆవిరి కొందరు పసిపిల్లల్లో ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వాటిని వాడకండి.