ఇంటి కుక్కకు ఎలాంటి పడక ఉండాలి?

కుక్క విశ్వాసం గల జంతువు అని మనమందరం మూడో తరగతి నుండి వ్యాసాలు రాస్తూనే వచ్చాం. ఇంటికి కాపలా ఉంటుంది, మేకల మంద వెంట తిరుగుతుంది, పరీక్షలో నాలుగు మార్కులు కూడా తెచ్చిపెడుతుంది. కాని అది ఎక్కడ పడుకుంటుందో ఆ వ్యాసాల్లో ఎవరమూ రాయలేదు. ఈ హాస్టల్లో చదివి, ఇప్పుడు పశుసంవర్ధక డిప్లొమా చేస్తున్న మేము నలుగురం ఆ సంగతే ఈ సంచికకు రాద్దామనుకున్నాం. హాస్టల్ ఆవరణలోకి వచ్చిపోయే వీధి కుక్కల గురించి కాదు. దసరాకో సంక్రాంతికో మనం బస్సు దిగగానే ఎదురొచ్చే ఇంటి కుక్క గురించి.

పెరిగిన కుక్క రోజులో 12 నుండి 14 గంటల దాకా నిద్రలోనే ఉంటుంది. కూనలైతే 18 గంటలకు తక్కువ పడుకోవు. అంటే దాని బతుకులో సగం పడక మీదే గడుస్తుంది. మన ఇళ్లలో ఆ పడక సిమెంటు గచ్చో, నాపరాయో. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు మీ కుక్క ముందు కాళ్ల మోచేతులు పట్టి చూడండి. అక్కడ వెంట్రుకలు ఊడిపోయి, చర్మం నల్లబడి, చెప్పు అట్టలా గట్టిపడి ఉండవచ్చు. ఎముక పదే పదే నేలకు ఒత్తుకోవడం వల్ల కాసిన కాయ అది. బరువున్న కుక్కలకు కొన్నిటికి అదే చోట నీరు చేరి మెత్తని బుడిపెలా ఉబ్బుతుంది. మొదట్లో నొప్పి ఉండదు గనుక ఎవరూ పట్టించుకోరు. లేదంటే ఇంట్లో ధైర్యవంతులెవరో సూదితో పొడిచి నీరు తీసేస్తారు. అలా ఎంతమాత్రం చేయకూడదు. చీము పట్టిందంటే ఆ పుండు ఒక పట్టాన మానదు. వాపు చిన్నగా ఉన్నప్పుడే కింద మెత్తగా పరిస్తే చాలావాటికి అదే తగ్గిపోతుంది. డాక్టరు గారు కూడా మొదట చెప్పేది పడక మార్చమనే.

కాబట్టి పడక ఎంపిక అంగడిలో మొదలు కాదు. కుక్క నిద్రపోతుండగా కాసేపు గమనించాలి. చలికి ముడుచుకుని పడుకున్నప్పుడు కాదు, కాళ్లు బారచాపి పక్కకు ఒరిగి పడుకున్నప్పుడు ముక్కు నుండి తోక మొదలు దాకా కొలిచి, దానికి ఒక జాన కలపండి. పడక పొడవు అంత ఉంటే చాలు. మందం చూడటానికి ఇంకా తేలిక. పిడికిలి బిగించి పడక మీద గట్టిగా నొక్కండి. కణుపులకు నేల తగిలితే కుక్క మోచేతికీ తగులుతుంది. మరీ దూదిలా మెత్తగా ఉన్నా ముసలి కుక్క అందులోంచి లేవడానికి అవస్థ పడుతుంది. కీళ్లు పట్టిన కుక్కకు నాలుగు అంగుళాల మందంతో, కుంగిపోకుండా గట్టిగా ఉండే పరుపు, అంచు అడ్డం లేకుండా బల్లపరుపుగా ఉంటే మంచిది.

ఇవన్నీ కొనాలా అంటే అక్కరలేదు. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతను నాలుగు మడతలు వేసి, గోనె సంచిలో దూర్చి, మూతి కుట్టేస్తే సగం పని అయిపోతుంది. సంచి మాసితే విప్పి ఉతకవచ్చు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పురుగుమందులు, విత్తనశుద్ధి మందులు వచ్చిన సంచులు, డబ్బాల అట్టలు పడకకు వాడవద్దు. ఎన్నిసార్లు ఉతికినా మందు పూర్తిగా పోయిందని నమ్మలేం. కుక్క తన ఒళ్లు తానే నాక్కుంటుంది కదా, అది నేరుగా కడుపులోకి వెళుతుంది. యూరియా సంచి ప్లాస్టిక్ అల్లిక. గాలి ఆడదు, జారుతుంది, ఎండకు చీలికలై పోగులు ఊడుతుంది.

ఇక ఎండల సంగతి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో కొద్దిగా పడుతుంది, మిగతా వేడంతా నాలుక చాపి వగర్చి పోగొట్టుకోవాల్సిందే. దాని ఒంటి వేడి మామూలుగానే 101 డిగ్రీల ఫారన్‌హీట్ చుట్టూ ఉంటుంది, మనకైతే ఆ వేడికి జ్వరం మాత్ర వేస్తారు. అందుకే మే నెలలో మీరు ఎంత మంచి బొంత పరిచినా అది కాలితో పక్కకు లాగేసి, కుండ కింద తడి మట్టిని తవ్వుకుని పడుకుంటుంది. దానికి ఆ తెలివి ఉంది, బలవంతం చేయకండి. వేసవికి మా ఓటు నులక మంచానికే. విరిగిన మంచం కోళ్లు జానెడు ఎత్తుకు కోసి, నులక బిగించి వేస్తే కింద నుండి గాలి ఆడుతుంది, మోచేతులకూ ఒత్తిడి ఉండదు. అది రేకుల కింద కాకుండా చెట్టు కింద ఉండాలి. గొలుసుతో కట్టేసే కుక్కకైతే మరీ జాగ్రత్త. పొద్దున పదింటికి నీడగా ఉన్న చోటు మధ్యాహ్నం మూడింటికి ఎండలో ఉంటుంది. మంచం లాక్కుని నీడలోకి పోవడం దానివల్ల కాదు.

చలికాలం లెక్క వేరు. ఆదిలాబాద్ వైపు, లంబసింగి, చింతపల్లి వైపు నుండి వచ్చిన మన మిత్రులకు అక్కడి డిసెంబరు తెల్లవారుజాములు ఎలా ఉంటాయో చెప్పనవసరం లేదు. అప్పుడు కింద నుండి గాలి ఆడే మంచం పనికిరాదు. గోనె సంచిలో ఎండు వరిగడ్డి కూరి, పైన పాత గొంగడి ముక్క పరిస్తే వెచ్చగా ఉంటుంది. గడ్డి తడిస్తే బూజు పడుతుంది, వెంటనే మార్చాలి. కొత్తగా పుట్టిన కూనలకు మొదటి రెండు మూడు వారాలు ఒంట్లో వేడి నిలుపుకునే శక్తి ఉండదు. తల్లి కాసేపు బయటికి వెళితే చల్లటి గచ్చు మీద అవి బిగుసుకుపోతాయి. మన ఊళ్లలో కూనలు చాలా చోట్ల పోయేది ఆకలితో కాదు, ఇలాగే అని మా అభిప్రాయం.

కూనల దగ్గరే ఇంకో సంగతి. రక్త విరేచనాలతో కూన చనిపోతే, అది చాలాసార్లు పార్వో అనే వైరస్ వల్ల. ఆ వైరస్ నేలలో, గుడ్డల్లో నెలల తరబడి బతికి ఉంటుంది. తమ్ముడు ఏడుస్తున్నాడని వారం తిరగకుండా ఇంకో కూనను తెచ్చి అదే సంచి మీద పడుకోబెడితే దానికీ అదే గతి పట్టవచ్చు. ఆ పడకను కాల్చేయాలి. కొత్తగా తెచ్చే కూనకు ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టించి, అవి పూర్తయ్యేదాకా ఆ చోటికి రానివ్వకూడదు.

పిడుదులు, కొన్ని ఊళ్లలో గోమార్లు అంటారు, వీటికి అసలు ఇల్లు కుక్క ఒళ్లు కాదు. కడుపు నిండా రక్తం తాగిన ఆడ పిడుదు కిందికి దిగి, పడక మడతల్లో, గోడ పగుళ్లలో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. రోజూ కుక్క ఒంటి మీద ఏరి నిప్పులో వేసినా మళ్లీ ఎక్కుతున్నాయంటే కారణం ఇదే. వారానికోసారి పడక గుడ్డలను మరిగే నీళ్లలో వేసి తీసి, ఎర్రటి ఎండలో ఆరేయాలి. పక్క గోడ పగుళ్లు సిమెంటుతోనో సున్నంతోనో పూడ్చాలి. పత్తికి కొట్టే మందు నీళ్లలో కలిపి కుక్కకు పూసేవాళ్లున్నారు. కుక్కలు చచ్చిపోతాయి, పూసినవాళ్లకూ ప్రమాదమే. పిడుదుల మందు పశువుల ఆసుపత్రిలో అడగండి. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుండి రక్తం కారితే అది పిడుదుల జ్వరం కావచ్చు, ఆలస్యం చేయకూడదు.

ఉద్యోగాలు వచ్చి హైదరాబాద్, విజయవాడలలో స్థిరపడిన మన సీనియర్ అన్నలు, అక్కలు కొందరు లాబ్రడార్లు పెంచుతున్నారు. వారికి చిన్న మనవి. వెల్వెట్ గుండ్రటి పరుపు ఫొటోలో బాగుంటుంది, మన వేసవిలో కుక్క దాని పక్కన టైల్స్ మీద పడుకుంటుంది. జిప్పుతో ఊడదీసి ఉతికే నూలు కవరు ఉందో లేదో చూసి కొనండి. పిల్లప్పుడు దొరికినదల్లా నమిలేస్తుంది గనుక స్పాంజి పరుపు, గుండీలు వద్దు. మింగితే పేగులో అడ్డుపడి ఆపరేషన్ దాకా పోతుంది. అప్పటికి పాత దుప్పటి చాలు, ఖరీదైనది పెరిగాక కొనవచ్చు.

పడక ఇంట్లో ఎక్కడ వేయాలన్నది చివరి ప్రశ్న. చంటిపిల్లలు పడుకునే చాప పక్కన వద్దు, కుక్క కడుపులోని పాముల గుడ్లు పిల్లల నోట్లోకి పోయే వీలుంది. జనం అటూ ఇటూ దాటే దారిలోనూ వద్దు. నిద్రలో తొక్కితే పెంచినవాళ్లనైనా కరుస్తుంది. కరిస్తే ఇంటి కుక్కే కదా అనుకోకుండా సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. వాకిలి కనపడే మూల, వెనక గోడ ఉన్న చోటు కుక్కలకు ఇష్టం. కొత్త పడకను మొదట అది రోజూ పడుకునే చోటే వేసి, పైన దానికి అలవాటైన పాత గుడ్డ పరచండి. నాలుగైదు రోజులైనా ఎక్కకపోతే పడకను కొంచెం కొంచెంగా జరిపి చూడండి. ఎక్కువసార్లు దానికి నచ్చనిది పడక కాదు, చోటు.