తక్కువ మందు, ఎక్కువ ముప్పు

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో వేరుశనగ ఊడలు దిగేటప్పుడూ, మొక్కజొన్న కంకి పాలు పట్టేటప్పుడూ రైతుకు రాత్రి కాపలా తప్పదు. ఇటు మానవపాడు, అలంపూర్ చేల నుంచి అటు నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమల అంచు దాకా రైతుల భయం ఒకటే. అడవిపందుల గుంపు ఒక్క రాత్రి చేలో పడితే ఆరుగాలం కష్టం మట్టిపాలవుతుంది. ఈ బాధను చట్టమూ గుర్తించింది. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్, పంట కాపలా కోసం మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. తుపాకి ఉన్నచోట దాని చుట్టూ కొన్ని నమ్మకాలూ పుడతాయి. వాటిలో పైకి చాలా అమాయకంగా కనిపించేది ఒకటుంది: పందిని బెదిరిస్తే చాలు కదా, తూటాలో మందు కాస్త తగ్గిస్తే ఖర్చూ తగ్గుతుంది, దెబ్బా తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది అని. మూతి నుంచి దట్టించే తుపాకి సంగతి ఎలా ఉన్నా, రైఫిల్ తూటా విషయంలో ఈ లెక్క తప్పు. మందు తగ్గితే బుల్లెట్ వేగం తగ్గే మాట నిజమే. కానీ ట్రిగ్గర్ నొక్కాక ఏం జరుగుతుందో ముందుగా చెప్పగల వీలు కూడా దానితోపాటే తగ్గిపోతుంది. ఏ తుపాకికైనా అసలైన భద్రత, పేలిన ప్రతిసారీ ఒకే తీరుగా పేలడంలో ఉంది.

'తక్కువ మందు, తక్కువ ప్రమాదం' అన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. తుపాకి మందు ఈ నేలకు కొత్త కాదు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు, బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా తలపడిన రాయచూరు యుద్ధం ఈ రెండు నదుల నడిమి గడ్డమీదే జరిగింది. బీజాపూరు వైపు ఫిరంగులు మోగాయి. కోట ముట్టడిలో పోర్చుగీసు తుపాకిదారులు రాయల పక్షాన నిలిచారు. ఆ కాలం నుంచి 19వ శతాబ్దం చివరి దాకా తుపాకుల్లో ప్రధానంగా వాడినది సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాతకాలపు మందే. దాని గుణం వేరు. చుట్టూ ఒత్తిడి ఎంతున్నా అది కాలే వేగం మరీ ఎక్కువగా మారదు. కాబట్టి తగ్గిస్తే బలం దాదాపు ఆ మేరకే తగ్గుతుంది. తరతరాల అనుభవం ఆ లెక్కనే నేర్పింది. అయితే ఆ అనుభవంలోనే మరో పాఠం కూడా ఉంది. పాత తుపాకి పట్టినవాడు గుండును కడ్డీతో మందుకు ఆనేదాకా దట్టించేవాడు. గుండు మందును తాకకుండా గొట్టం మధ్యలో నిలిచిపోతే, పేలినప్పుడు ఆ చోట గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. అంటే పాత మందుకు కూడా ఖాళీ జాగా అంటే గిట్టదు. మందు తగ్గించి వదిలేసినప్పుడు తూటాలో మిగిలేది ఆ ఖాళీయే.

1884లో ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వీయే పొగలేని మందును తయారుచేయడంతో తుపాకి కథ మారిపోయింది. మన గద్వాల చేలలో పండే పత్తిలో ఉండే సెల్యులోజే దీనికి మూలం. దాని నుంచి వచ్చే నైట్రోసెల్యులోజ్, అంతే బరువున్న పాత మందుకన్నా చాలా ఎక్కువ పని చేస్తుంది. మన పోలీసుల చేతిలో దశాబ్దాల పాటు కనిపించిన త్రీ నాట్ త్రీ తూటా చరిత్రే ఈ మార్పుకు సాక్ష్యం. 1888లో అది పాత మందుతోనే మొదలైంది. మూడేళ్లకే అందులోకి కార్డైట్ అనే పొగలేని మందు వచ్చింది. ఈ కొత్త మందులో గమనించవలసిన గుణం ఒకటుంది: అది కాలే వేగం చుట్టూ ఉన్న ఒత్తిడిని బట్టి మారుతుంది. ఆరుబయట పోసి అంటిస్తే మంటతో కాలిపోతుందే తప్ప పేలదు. అదే మందు మూసిన చాంబర్‌లో ఉంటే, ఒత్తిడి పెరిగినకొద్దీ ఇంకా వేగంగా కాలుతుంది. వేగంగా కాలినకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. రైఫిల్‌లో ఇది వాతావరణ పీడనానికి మూడు నాలుగు వేల రెట్ల దాకా పోతుంది. ఆ పరుగుకు కళ్లెం వేసేది ముందుకు కదిలే బుల్లెట్టే. అది కదిలినకొద్దీ వాయువులకు జాగా పెరిగి ఒత్తిడి అదుపులో ఉంటుంది. మందు రకం, దాని కొలత, బుల్లెట్ బరువు, తూటా తొడుగు (కేసు)లోని ఖాళీ అన్నీ కుదిరితేనే ఈ పొత్తు నిలుస్తుంది. ఒక్క కొలతను తగ్గిస్తే పొత్తు మొత్తం చెడవచ్చు.

పొత్తు చెడితే ఎదురయ్యే మొదటి ప్రమాదం, బుల్లెట్ గొట్టం దాటి బయటకు రాకపోవడం. గొట్టంలోని గాళ్లలోకి బుల్లెట్‌ను ఒరుసుకుంటూ నెట్టడానికి చాలా బలం కావాలి. వాయువుల ఒత్తిడి చాలకపోతే అది మధ్యలోనే ఇరుక్కుంటుంది. పేలుడు చప్పుడు సన్నగా వినిపిస్తుంది, భుజానికి తన్ను తగలదు. కాల్చినవాడు తూటా చెడిందనుకుని ఇంకొకటి ఎక్కిస్తాడు. ఆ రెండో తూటా వాయువులకు ముందు దారి ఉండదు. గొట్టం ఉబ్బుతుంది, లేదా పగిలి ముఖం మీదికీ చేతుల మీదికీ వస్తుంది. ఇలా ఇరుక్కున్న బుల్లెట్ ఎంత పని చేయగలదో 1993 మార్చి 31న ప్రపంచం చూసింది. అమెరికాలో 'ది క్రో' సినిమా చిత్రీకరణ కోసం అసలు తూటాల్లోంచి మందు తీసేసి ఉత్తుత్తి తూటాలు చేశారు, కానీ నిప్పు రాజేసే ప్రైమర్ అలాగే ఉండిపోయింది. ఒక్క చిటికెడు మందు కూడా లేకుండా ఆ ప్రైమర్ బలమే బుల్లెట్‌ను రివాల్వర్ గొట్టంలోకి తోసి వదిలేసింది. తర్వాత అదే రివాల్వర్‌లో బుల్లెట్ లేని ఖాళీ తూటా పేల్చినప్పుడు, లోపల ఇరుక్కున్నది బయటకు దూసుకొచ్చి నటుడు బ్రాండన్ లీ ప్రాణం తీసింది. మందును సున్నాకు తగ్గించినా ప్రమాదం సున్నా కాలేదు.

రెండో ప్రమాదం మనిషి కంటి చూపుకు సంబంధించినది. కార్ఖానా తూటాలో మందు కేసును చాలావరకు నింపుతుంది. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి పొర్లుతుంది, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. తగ్గించిన తూటాలో ఆ కాపలా ఉండదు. కేసులో మూడో వంతు కూడా నిండని మందును రెండుసార్లు పోసినా, లోపల ఇంకా ఖాళీ మిగిలే ఉంటుంది. పైగా అంత కొద్ది మందుతో బుల్లెట్‌ను నడపడానికి వేగంగా కాలే రకాన్నే ఎంచుకుంటారు. ఆ వేగపు మందు రెట్టింపయితే ఒత్తిడి ప్రమాదకరంగా ఎగబాకుతుంది. బలం తగ్గించాలని మొదలుపెట్టిన పని, ఒక్క క్షణం ఏమరుపాటుతో ఆ తుపాకి ఎన్నడూ చూడనంత బలంగా మారుతుంది. చేతిపని ఎంత చక్కగా ఉన్నా మనిషి దృష్టి చెదిరే క్షణం ఒకటి ఉంటుంది. ఆ తప్పును తనంతట తాను బయటపెట్టే ఏర్పాటు ఉండాలన్నది భద్రతా శాస్త్రం మనకు నేర్పిన ముఖ్య సూత్రం. మందు తగ్గించిన తూటా సరిగ్గా ఆ ఏర్పాటునే తొలగిస్తోంది.

మూడోది అన్నిటికన్నా అంతుచిక్కనిది. కేసు పూర్తిగా నిండనప్పుడు మందు అడుగు పక్కన పలచగా పరుచుకుంటుంది. తుపాకి మూతి పైకెత్తితే ప్రైమర్ వైపు చేరుతుంది, కిందికి దించితే బుల్లెట్ వైపు చేరుతుంది. ఒకే పెట్టెలోని తూటాలు కూడా తుపాకి పట్టిన తీరును బట్టి వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. ఒకటి ఆలస్యంగా పేలుతుంది, మరొకటి చప్పగా పేలుతుంది. నెమ్మదిగా కాలే మందును పెద్ద కేసులో కొద్దిగా పోసినప్పుడు, బలం తగ్గవలసింది పోయి రైఫిలే బద్దలైన ఘటనలు తుపాకి లోకంలో నమోదై ఉన్నాయి. దీనికి నిపుణులు చెప్పే వివరణల్లో ముఖ్యమైనది ఇది. ప్రైమర్ మంట మందు పైనుంచి సాగిపోయి కొంత భాగాన్నే అంటిస్తుంది. ఆ కొద్ది ఒత్తిడికి బుల్లెట్ కేసులోంచి జరిగి, గొట్టం మొదట్లో గాళ్ల దగ్గర ఆగిపోతుంది. ఆలోగా మిగిలిన మందంతా ఒక్కసారిగా రాజుకుంటుంది. కదులుతూ కళ్లెం వేయవలసిన బుల్లెట్ ఇప్పుడు అడ్డుగోడగా మారింది. ఒత్తిడి పెరిగితే మంట వేగం, మంట వేగం పెరిగితే ఒత్తిడి పెరిగే పరుగు ఇక ఆగదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. ఈ మూడో ప్రమాదాన్ని ప్రయోగశాలలో కోరినప్పుడల్లా పుట్టించి చూపడం కష్టం. అందువల్ల అది అపోహ అనీ, ఆ తుపాకులు పగిలింది మందు రెండుసార్లు పోసినందుకేననీ వాదించేవారున్నారు. ఆ వాదనలో కొంత బలం ఉందని ఒప్పుకోవాలి. కొన్ని ఘటనల వెనుక అదే కారణం అయి ఉండవచ్చు కూడా. కానీ ఆ వాదన నిజమైనా మన ముగింపు మారదు. రెండుసార్లు పోయడానికి చోటిచ్చింది కూడా మందు తగ్గించడమే కదా. పైగా మందు తయారుచేసేవారే ఈ విషయంలో జాగ్రత్త పడుతున్నారు. వాళ్ల పట్టికల్లో గరిష్ఠ కొలత ఒక్కటే ఉండదు, చాలా మందులకు కనిష్ఠ కొలత కూడా ఉంటుంది. హెచ్110 అనే మందు విషయంలో దాన్ని అమ్మే సంస్థ హాడ్గ్డన్, పట్టికలో ఉన్నదానికన్నా 3 శాతానికి మించి తగ్గించవద్దని హెచ్చరించింది. ఎప్పుడు వస్తుందో చెప్పలేని ప్రమాదం, రాని ప్రమాదంతో సమానం కాదు. అలాంటి దానికి దూరంగా ఉండడమే వివేకం.

ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది. అమెరికాలో లక్షలాది మంది ఇంట్లోనే తూటాలు నింపుకుంటారు, తక్కువ బలం తూటాలు కూడా చేసుకుంటారు, మరి వాళ్లకేమీ కావడం లేదు కదా అని. అక్కడ అది చట్టబద్ధమైన అలవాటే. కానీ వాళ్లను కాపాడేది మందు తక్కువగా ఉండడం కాదు. ఏ మందు, ఏ కేసులో, ఏ బుల్లెట్‌తో ఎంత ఒత్తిడి ఇస్తుందో పరికరాలతో కొలిచి అచ్చువేసిన పట్టికలు వాళ్లను కాపాడుతున్నాయి. ఆ పట్టిక దాటి సొంత లెక్క మొదలుపెట్టినవాడికి అక్కడా రక్షణ లేదు. మన దేశ చరిత్రలోనూ దీనికి నిదర్శనం ఉంది. పోలీసులకు, జైలు కాపలాదారులకు త్రీ నాట్ త్రీ కన్నా తక్కువ బలమున్న తుపాకి కావలసి వచ్చినప్పుడు, ఇషాపూర్ రైఫిల్ కార్ఖానా ఉన్న తూటాలో మందు తగ్గించి ఇవ్వలేదు. రైఫిల్ గొట్టాన్నే మార్చి, గాళ్లు లేని .410 మస్కెట్‌ను చేసింది. దానికి వేరే తూటా తయారైంది. బలం తగ్గించడం అంటే ఆయుధాన్నీ తూటానూ కలిపి కొత్తగా లెక్కగట్టడం అని ఆ నిర్మాతలకు తెలుసు.

తగ్గించిన తూటా కాల్చినవాడికి ప్రమాదమైనా, ఎదుటివారికి మేలే కదా అనేవారికి చిన్న లెక్క చాలు. 10 గ్రాముల బుల్లెట్ సెకనుకు 840 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి సుమారు 3,500 జౌళ్లు. వేగాన్ని 300 మీటర్లకు తగ్గించినా 450 జౌళ్లు మిగులుతుంది. ప్రాణం తీయగల పాయింట్ టూటూ (.22) బుల్లెట్‌కు ఉండే శక్తికి అది మూడింతలు. ఆ చిన్న తూటా పెట్టెల మీదే రెండు కిలోమీటర్ల దాకా ప్రమాదమని అచ్చువేస్తారు. పక్క చేలో కాపలా మంచె మీద పడుకున్న మనిషికి, మందు తగ్గించిన తూటా ఏ భరోసా ఇవ్వదు. అడవిపందికి అది చావుకు బదులు గాయాన్నే ఇవ్వవచ్చు. గాయపడిన పంది పొదల్లో దాగి, తెల్లారి చేలోకి వచ్చిన కూలీల మీద తిరగబడవచ్చు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అధికారి అనుమతి లేకుండా దాన్ని వేటాడడం నేరం. లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం ఇంకా పెద్ద నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం.

మన పల్లెల్లో రైఫిల్ తూటాలు నింపేవారెవరున్నారు, ఈ చర్చ ఎందుకని కొందరు అడగవచ్చు. తూటా నింపేవారు తక్కువే కావచ్చు, కానీ 'కొంచెమే కదా, ఏం కాదు' అన్న తర్కం మాత్రం తక్కువ కాదు. నాటు తుపాకిలో ఏదో ఒక మందు పోసేవారికీ, అందులో పాత మందుకు బదులు పొగలేని మందు కొంచెం వేసి చూద్దామనుకునేవారికీ అదే తర్కం. పాత మందుకోసం చేసిన గొట్టం కొత్త మందు ఒత్తిడికి తట్టుకోదు. పంటను కాపాడుకోవడానికి సౌర విద్యుత్ కంచె, చప్పుడు చేసే యంత్రాలు, ఊరంతా వంతులవారీగా కాపలా వంటి దారులున్నాయి. పందుల బెడద మితిమీరితే అటవీ శాఖకు దరఖాస్తు చేసి, అనుమతి ఉన్న షూటర్లను పిలిపించుకోవచ్చు. తూటాలు వాడే లైసెన్సు తుపాకి ఉన్నవారు కార్ఖానా తూటాలే వాడాలి. వాటిని విప్పకూడదు, మందు తగ్గించకూడదు, పెంచకూడదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే కనీసం అర నిమిషం మూతిని మనుషులు లేని వైపే ఉంచి ఆగాలి. చప్పుడు సన్నగా వస్తే అక్కడితో ఆపి, తుపాకిని ఖాళీ చేసి, గొట్టం తేటగా ఉందో లేదో నిపుణుడితో చూపించాలి. రెండో తూటా ఎక్కించకూడదు. మందు కొలతను తగ్గించి ప్రమాదాన్ని తగ్గించుకోగలమన్న నమ్మకాన్ని ఇకనైనా వదిలేయండి. రైఫిల్ తూటాలో కొలతకు విలువ ఇచ్చేది పరీక్ష ఒక్కటే. పరీక్షించని కొలత ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే.