షట్టర్‌కు రెండు తాళాలు.. లోపలున్న కంప్యూటర్‌కు ఏది?

ఘనపూర్ అంటే ఒక్కటి కాదు. జనగామ జిల్లాల స్టేషన్ ఘనపూర్ ఉన్నది, భూపాలపల్లి జిల్లాల కోటగుళ్ల ఘనపూర్ ఉన్నది. ఏ ఘనపూర్‌కు పోయినా మెయిన్ రోడ్డు మీద కనవడేవి ఇంచుమించు ఒకటే. మీసేవ, జిరాక్స్ సెంటర్లు, ఫొటో స్టూడియో, ఎరువుల దుకానం, మెడికల్ షాపు. అన్నిట్ల ఒక్కో కంప్యూటర్. రాత్రి బంద్ చేసేటప్పుడు షట్టర్‌కు అటొక తాళం, ఇటొక తాళం ఏస్తరు. గుంజి సుత చూస్తరు. మరి కంప్యూటర్‌కు తాళం ఏదంటే, "ఏదో యాంటీవైరస్ ఉండాలె గద, ఫిట్ చేసినాయన ఏసిండు" అంటరు. దాని గడువు ఎప్పుడు అయిపోయిందో ఎవలకు ఎర్కలేదు.

"మా డబ్బాల ఏమున్నది, ఎవడు దోసుకపోతడు?" అని అడిగేటోళ్లు మస్తు మంది. ఏమున్నదో ఒక్కపారి డెస్క్‌టాప్ మీది ఫోల్డర్లు తెరిచి చూడుండ్రి. ఊరోళ్ల ఆధార్ కాపీలు, పట్టా పాస్‌బుక్కులు, బ్యాంకు ఖాతాల మొదటి పేజీలు, కులం సర్టిఫికెట్లు, పెండ్లి ఫొటోలు, ఖాతా బాకీల లెక్కలు. 2018ల పెద్దపల్లి జిల్లా ధర్మారంల ఏమైంది? సిమ్‌కార్డులు అమ్మేటాయన భూమి రిజిస్ట్రేషన్ కాయితాలు ఇంటర్నెట్ నుంచి దించుకొని, వాటి మీది వేలిముద్రలతోని రబ్బరు ముద్రలు తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేసిండు. అది వైరస్ ముచ్చట కాదు. కానీ ఒక్క స్కాన్ కాయితానికి బయట ఎంత విలువ ఉంటదో చెప్పే ముచ్చట. పోయేది మన డబ్బా ఒక్కటే కాదు, మనల నమ్మి కాయితం చేతిల పెట్టినోళ్ల బతుకు.

పెద్దోళ్లకే తప్పలేదు

2017 మే నెలల వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ 150 దేశాల కంప్యూటర్లను పట్టుకున్నది. ర్యాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లన్నిటికి తాళమేసి, తాళంచెవి కావాలంటే పైసలు కట్టుమనే ప్రోగ్రామ్. ఆంధ్రప్రదేశ్‌ల పోలీసోళ్ల కంప్యూటర్లకు, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లకు సుత అది తాకింది. అసలు ముచ్చట ఏందంటే, ఆ బొక్కను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలనే ఇచ్చింది. అప్‌డేట్ చేసుకున్నోళ్లు ఒడ్డున పడ్డరు, చేసుకోనోళ్లు మునిగిన్రు.

2019 మే మొదట్ల తెలంగాణ, ఆంధ్ర కరెంటు డిస్కంల వెబ్‌సైట్ల మీద ర్యాన్సమ్‌వేర్ పడ్డది. ఆన్‌లైన్ల బిల్లు కట్టేటోళ్లకు ఇబ్బందయింది. డేటాకు బ్యాకప్ ఉండబట్టి మళ్ల లేపుకున్నరు.

2022 జనవరిల హైదరాబాద్‌ల ఏపీ మహేశ్ కోఆపరేటివ్ బ్యాంకు నుంచి రూ.12.48 కోట్లు మాయమైనయ్. షట్టర్ పగలలేదు, తుపాకీ పేలలేదు. పోలీసులు చెప్పింది ఏందంటే, 2021 నవంబర్ల బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా దొంగ మెయిళ్లు వచ్చినయ్. ఇద్దరు తెరిచిన్రు. దాంతోని ఆ కంప్యూటర్ల దూరం నుంచి నడిపే దొంగ ప్రోగ్రామ్ కూసున్నది. అక్కడికెల్లి మెల్లమెల్లగ బ్యాంకు అసలు సర్వర్ దాకా పోయిన్రు. రెండు నెలలు లోపలనే ఉండి, శని ఆదివారాలు చూసి పైసలు వందల ఖాతాలకు మళ్లించిన్రు. తర్వాత సైబర్ భద్రత నియమాలు పాటించలేదని రిజర్వ్ బ్యాంకు 2023ల ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా ఏసింది.

ఇంత పెద్ద దొంగతనానికి దారి దొరికింది ఏడ? ఒక ఉద్యోగి కూసున్న మామూలు కంప్యూటర్ కాడ. గా మిషన్‌నే ఎండ్‌పాయింట్ అంటరు. నెట్‌వర్క్ చివరన మనిషి చెయ్యిపెట్టే కంప్యూటరు, లాప్‌టాప్, ఫోను అన్నీ ఎండ్‌పాయింట్లే. వాటికి కాపలా కాసేది ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్.

యాంటీవైరస్ వేరు, ఇది వేరా?

పాతకాలం యాంటీవైరస్ పని పోలీస్ స్టేషన్ల గోడకు దొంగల ఫొటోలు అతికిచ్చినట్టు. ఫొటోల ఉన్నోడు వస్తే పట్టుకుంటది. కొత్త దొంగ వస్తే దానికి తెల్వదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ మొఖంతోపాటు నడత సుత చూస్తది. ఒక ప్రోగ్రామ్ వచ్చి నిమిషంల వందల ఫైళ్లను మార్చుకుంట పోతున్నదనుకో, "ఇదేదో తేడా ఉన్నది" అని ఆపుతది.

దాని మీద ఇంకో మెట్టు ఉన్నది, ఈడీఆర్ అంటరు. ఇది సీసీ కెమెరా అసొంటిది. ఏ ప్రోగ్రామ్ ఎప్పుడొచ్చింది, ఏడికి పోయింది, ఏం ముట్టుకున్నది అన్నీ రాసి పెట్టుకుంటది. బ్యాంకులకు, పెద్ద దవాఖానలకు ఇది కావాలె. కానీ కెమెరా పెట్టి చూసేటోడు లేకుంటే లాభం ఏంది? రెండు కంప్యూటర్ల దుకానానికి ఈడీఆర్ అంటగట్టేటోళ్లు వస్తే, "అలారం మోగితే చూసేది ఎవరు?" అని ఒక్క మాట అడుగుండ్రి.

కొనేముందు దొంగకు తాళంచెవి ఇయ్యకుండ్రి

మన దిక్కు అసలు రోగం ఇది. కంప్యూటర్ కొన్న రోజే క్రాక్ చేసిన విండోస్, క్రాక్ ఫొటోషాప్, క్రాక్ ట్యాలీ ఎక్కిస్తరు. క్రాక్ ఎక్కాలంటే మొదలు యాంటీవైరస్ బంద్ చేయుమంటది. చేస్తరు. కాపలాదారును నిద్రపుచ్చి, పరాయోనికి తలుపు తీసుడే గదా ఇది! ఇగ తర్వాత ఎన్ని వేలు పెట్టి సెక్యూరిటీ కొన్నా, ఆ దొంగ అప్పటికే లోపల మంచమేసుకొని పండుకొని ఉండవచ్చు.

స్టాప్ అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా ఎక్కువ పాకింది గీ క్రాక్‌ల తొవ్వలనే. దాన్నే డీజేవియూ అని సుత అంటరు. అది కంపెనీల కంటే ఇండ్లల్ల, చిన్న దుకానాలల్ల కంప్యూటర్లనే ఎక్కువ పట్టింది. ఫొటో స్టూడియోల గిది దూరితే ఏమైతది? పెండ్లి ఆల్బమ్ ఇంకా ప్రింట్ కాలేదు, ఫొటోలన్నీ తాళం పడ్డయ్. ఆ పెండ్లిని మళ్ల తియ్యలేం గద.

సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేకుంటే ఉచితంగ, న్యాయంగ దొరికేటివి ఉన్నయ్. ఆఫీసు పనికి లిబ్రే ఆఫీస్, ఫొటోలకు గింప్ ఉన్నయ్. కొంచెం నేర్చుకోవాలె, అంతే.

ఎట్ల ఎంచుకోవాలె?

కంపెనీ పేరు తర్వాత. ముందుగాల మీ మిషన్ల లెక్క రాయుండ్రి. ఎన్ని ఉన్నయ్, ఏ విండోస్, ర్యామ్ ఎంత, నెట్ ఎట్ల వస్తది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలనే ఆగిపోయింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న అయిపోయింది. కింది పునాది పాడయినంక మీద ఎంత రంగేసినా ఇల్లు నిలవదు.

ఒక్కటే కంప్యూటర్, అసలైన విండోస్ 11 ఉన్నదా? దాంట్ల డిఫెండర్ కట్నం లెక్క దానితోనే వస్తది. చిన్న దుకానానికి అది తీసేసేంత తక్కువది కాదు. కాకపోతే దాంట్ల రెండు గుండీలు చూసుకోవాలె. ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌ల ఉన్నదా చూడుండ్రి, ఉంటే దొంగ ప్రోగ్రామ్ కాపలాను బంద్ చేయలేదు. ఇంకోటి కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్. ఇది మామూలుగ ఆఫ్‌లనే ఉంటది. ఆన్ చేస్తే, నమ్మకం లేని ప్రోగ్రామ్‌లు మీ ఫోల్డర్లను ముట్టుకోనియ్యదు. అప్పుడప్పుడు మంచి ప్రోగ్రామ్‌ను సుత ఆపుతది, దానికి పర్మిషన్ ఇచ్చుకోవాలె.

ఐదారు కంప్యూటర్లున్న దవాఖాన, స్కూలు, రైస్ మిల్లు అయితే పైసలు పెట్టి బిజినెస్ రకం కొనుడు మంచిది. ఎందుకంటే అన్ని మిషన్లను ఒక్క తెర మీద చూసే సౌలత్ ఉంటది. ఏది అప్‌డేట్ కాలేదు, దేంట్ల ఏం దొరికిందనేది ఒక్కకాడనే తెలుస్తది. చాలా కంపెనీల ఫ్రీ యాంటీవైరస్‌లు ఇంట్ల వాడుకోనీకే, వ్యాపారానికి వాడుకోనీకి వాటి షరతులే ఒప్పుకోవు.

కొనేటప్పుడు ఇవి అడుగుండ్రి:

పెన్‌డ్రైవ్‌లను అదుపు చేస్తదా? జిరాక్స్ సెంటర్‌కు దినాం ఎంతమంది పెన్‌డ్రైవ్ పట్టుకొని వస్తరో లెక్క లేదు. పెట్టంగనే స్కాన్ చేయాలె, దాంట్లకెల్లి ప్రోగ్రామ్ నడవనియ్యకుండ ఆపాలె.

నెట్ లేనప్పుడు పనిచేస్తదా? కొన్ని సాఫ్ట్‌వేర్లు సగం తెలివి కంపెనీ సర్వర్లనే పెడుతయ్. వాన పడితే నెట్ పోయే ఊర్ల ఆ సగం తెలివి సుత పోతది.

పాత మిషన్ను ఎంత స్లో చేస్తది? నాలుగు జీబీ ర్యామ్ డబ్బాల బరువు సాఫ్ట్‌వేర్ ఏస్తే, సర్టిఫికెట్ కోసం లైన్ల నిలబడ్డోళ్లు లొల్లి పెడుతరు. అప్పుడు ఆపరేటర్ ఏం చేస్తడు? దాన్నే బంద్ చేస్తడు. బంద్ చేసిన కాపలా లేనట్టే.

వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం డాంగిల్, ప్రింటర్ పనిచేస్తున్నయా? కొన్ని సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు వీటిని దొంగలనుకొని ఆపే అవకాశం ఉంటది. అందుకే ట్రయల్ ఏసి, మీ అసలు పనితోని కొన్ని దినాలు నడిపి చూసినంకనే పైసలు కట్టుండ్రి.

రెండో ఏడాది రేటు ఎంత? మొదటి ఏడాది సగం ధర చూపెట్టి, రెన్యువల్ కాడ అసలు ధర గుంజుతరు. మూడేండ్ల లెక్క కట్టుండ్రి. దుకానం పేరు మీద జీఎస్టీ బిల్లు తీసుకోండ్రి. ఆన్‌లైన్ల వంద రూపాయలకు దొరికే కీలు ఎప్పుడు ఆగిపోతయో చెప్పలేం.

ఇబ్బందయితే ఫోన్ ఎత్తేదెవరు? తెలుగుల మాట్లాడుతరా? పుణెల క్యాలికులేటర్లు రిపేర్ చేసే దుకానంతోని మొదలైన కైలాశ్ కాట్కర్ క్విక్ హీల్ కంపెనీ దాకా పోయిండు. వాళ్ల బిజినెస్ రకానికి సెక్రైట్ అని పేరు. ఇసొంటి దేశీ కంపెనీ అయినా, బయటి కంపెనీ అయినా, దగ్గర పట్నంల డీలర్ ఉన్నడా అనేది పెద్ద ముచ్చటే.

అమ్మేటాయన మాటే వేదం కాదు. జర్మనీల ఏవీ టెస్ట్, ఆస్ట్రియాల ఏవీ కంపారిటివ్స్ అనే పరీక్షా సంస్థలు ఏ సాఫ్ట్‌వేర్ ఎంత పట్టింది, ఎంత స్లో చేసింది, మంచి ఫైళ్లను ఎన్ని దొంగలన్నది అన్నీ పరీక్షించి ఫలితాలు నెట్‌ల పెడుతయ్. పైసలు కట్టకుండనే చదువుకోవచ్చు. ఒక్క నెల ఫలితం చూసి ఆగకుండ, ఏడాది పొడుగునా ఎట్లున్నదో చూడుండ్రి.

కాపలాదారు సుత పడిపోవచ్చు

2024 జూలై 19 యాదికుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే పెద్ద సెక్యూరిటీ కంపెనీ ఇచ్చిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తోని 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెరతోని ఆగిపోయినయ్. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల బోర్డింగ్ పాస్‌లు చేతితోని రాసిచ్చిన్రు. అక్కడ దొంగ ఎవడూ రాలేదు, కాపలాదారే కాలుజారి పడ్డడు. అందుకని ఎంత మంచిది కొన్నా బ్యాకప్‌కు అది బదులు కాదు.

వారానికొక్కపారి ముఖ్యమైన ఫైళ్లను బయటి హార్డ్ డిస్క్‌ల కాపీ చేసి, వైరు తీసి బీరువల పెట్టుండ్రి. తగిలిచ్చే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దానికి సుత తాళమేస్తది. దినాం చేసే పనికి అడ్మిన్ ఖాతా కాకుండ మామూలు యూజర్ ఖాతా వాడుండ్రి. దీనికి రూపాయి ఖర్చు లేదు, అయినా దొంగకు సగం చేతులు కట్టేసినట్టే. పని అయిపోయినంక కస్టమర్ల ఆధార్ కాపీలు డిలీట్ చేయుండ్రి. లేని దాన్ని ఎవడూ దొంగిలించలేడు.

అయినా తాకితే, మొదలు నెట్ వైరు పీకుండ్రి. తొందరపడి ఫార్మాట్ కొట్టకుండ్రి. పైసలు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయుండ్రి. నో మోర్ ర్యాన్సమ్ అనే వెబ్‌సైట్ల యూరప్ పోలీసులు, సెక్యూరిటీ కంపెనీలు కలిసి కొన్ని రకాలకు ఉచితంగ తాళంచెవులు పెట్టిన్రు. అన్నిటికి ఉండవు, కానీ పైసలు కట్టేముందు అక్కడ చూడాలె.

ఇది దుకానదారు ఒక్కని భారం కాదు

సర్కారు కాయితమంతా ఆన్‌లైన్ అయింది. సర్టిఫికెట్ కావాలన్నా, పహాణీ కావాలన్నా ఊరోడు పోయేది గీ చిన్న కంప్యూటర్ కాడికే. కాబట్టి దాని భద్రత సర్కారు పని సుత. వేల సెంటర్లకు కలిపి ఒక్కపారి కొంటే లైసెన్సు ధర మస్తు తగ్గుతది. పెన్‌డ్రైవ్‌లను అదుపు చేసే యూఎస్‌బీ ప్రతిరోధ్, అనుమతి ఉన్న ప్రోగ్రామ్‌లనే నడవనిచ్చే యాప్ సంవిద్ అనే టూల్స్‌ను తయారుచేసింది మన హైదరాబాద్ సీడాక్ వాళ్లే. 2017ల కేంద్రం సైబర్ స్వచ్ఛతా కేంద్రం మొదలుపెట్టినప్పుడు వీటిని జనానికి ఉచితంగ ఇచ్చింది. మండలానికొక్క శిక్షణ పెట్టి ఇసొంటివి చూపెడితే ఎంత ఖర్చయితది?

సర్కారు కదిలేదాకా ఆగుడు ఎందుకు? డిగ్రీల కంప్యూటర్స్ చదివి ఊర్ల ఉన్న పోరగాండ్లు, పోరగాండ్లతోపాటు ఆడపిల్లలు మస్తు మంది ఉన్నరు. దుకానదార్లకు మిషన్ ఫిట్ చేసి ఇచ్చేది, ఆగితే లేపేది మీరే. క్రాక్ అడిగితే "వద్దు కాకా" అని చెప్పగలిగేది సుత మీరే. ఊర్ల పది దుకానాల కంప్యూటర్లు చూసి, అప్‌డేట్ చేసి, బ్యాకప్ నేర్పి, నెలకింత అని తీసుకుంటే అది ఒక పని అయితది, ఒక ఆసరా అయితది. ఊరి కాయితాలు ఊర్లనే పైలంగ ఉంటయ్.