జీరో టికెట్‌కి డబ్బులు కట్టేదెవరు?

గవర్నర్‌పేటలో సిటీ బస్సెక్కిన అమ్మాయి ఆధార్ చూపిస్తుంది, కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. వెనక సీట్లో కుర్రాడు డబ్బులిచ్చి టికెట్ తీసుకుంటాడు. ఇద్దరినీ మోయడానికి బస్సుకయ్యే ఖర్చు మాత్రం ఒకటే. మరి ఆ సున్నా ఎవరి జేబులోంచి వస్తోంది? గ్రూప్స్‌కి చదివేవాళ్లకే కాదు, రోజూ ఫుట్‌బోర్డు మీద కాలేజీకెళ్లే మీకూ ఈ లెక్క తెలియాలి.

టికెట్ కాదు, బిల్లు

స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ఛార్జీ లేదు. ఆ మొత్తాన్ని ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. అంటే జీరో టికెట్ నిజానికి సర్కారుకి వెళ్లే బిల్లు. స్టూడెంట్ పాస్ రాయితీదీ ఇదే దారి. ఈ బిల్లులు ఆలస్యమైతే దెబ్బ ఎక్కడ పడుతుందో ఆలోచించండి: డీజిల్, విడిభాగాలు, కొత్త బస్సులు. చివరికి మీ ఫుట్‌బోర్డు మీద.

జీతాల సంగతి వేరు. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. అప్పట్నుంచి వాళ్ల జీతాలు ఖజానా నుంచే.

ఖజానా నిండేదెలా?

బైక్ కొన్నరోజే మీరు లైఫ్ ట్యాక్స్ కట్టేశారు. ఆ తర్వాత బంకుకెళ్లిన ప్రతిసారీ కడుతూనే ఉన్నారు. పెట్రోల్, డీజిల్ ఇంకా జీఎస్టీలోకి రాలేదు కాబట్టి వ్యాట్ రాష్ట్రానిదే. ఏపీలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు. 5 లీటర్లు కొట్టిస్తే ఆ సెస్సు ఒక్కటే 5 రూపాయలు.

ఇక్కడో చిన్న తేడా ఉంది, ఇంటర్వ్యూల్లో పనికొస్తుంది. పన్ను ఉమ్మడి కుండలో పడుతుంది. అది రోడ్డుకే వెళ్లాలని లేదు, పింఛనుకైనా వెళ్లొచ్చు. సెస్సుకి మాత్రం ఒక పని ముందే రాసిపెట్టి ఉంటుంది. 2020లో తెచ్చిన ఈ రూపాయి సెస్సు రోడ్డు అభివృద్ధి సంస్థ కోసం. అలాంటి నికరమైన రాబడి చూపించి బ్యాంకుల్లో అప్పు కూడా తేవచ్చు. అప్పుడు ఈరోజు రోడ్డుకి రేపటి పెట్రోల్ డబ్బులు కడతాయన్నమాట.

పెద్ద పనులకు పెద్ద అప్పు

విజయవాడ మెట్రోనే తీసుకోండి. మొదటి దశ 38.4 కిలోమీటర్లు, అంచనా రూ.11,009 కోట్లు. గన్నవరం నుంచి, పెనమలూరు నుంచి వచ్చే రెండు లైన్లూ పండిట్ నెహ్రూ బస్టాండు దగ్గర కలవాలి. ఇంత సొమ్ము ఒక్క ఏడాది బడ్జెట్‌లోంచి తీయడం ఏ రాష్ట్రానికీ కుదరదు. అందుకే కేంద్రం వాటా, విదేశీ బ్యాంకుల రుణాల చుట్టూ చర్చ తిరుగుతుంది. రుణం అంటే వాయిదాలు. అవి తీరేసరికి ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్న మీరే పన్ను కట్టేవాళ్లు.

మీరేం చేయొచ్చు?

ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో బడ్జెట్ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. రవాణా, రోడ్లు భవనాల శాఖల పద్దులు తెరవండి. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు అని వేరువేరు గడులుంటాయి. పేపర్లో హెడ్‌లైన్ అయ్యేది మొదటిది, నిజం చెప్పేది చివరిది. ఐదేళ్ల అంకెలు ఎక్సెల్‌లో వేసి, ప్రకటించిందెంత, ఖర్చయిందెంత అని గ్రాఫ్ గీయండి. రెజ్యూమేలో మరో టు-డూ యాప్ కంటే ఇది బాగుంటుంది.

సివిల్ వాళ్లకు వరంగల్ నిట్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంటెక్ ఉంది. ప్లానింగ్ మీద ఆసక్తి ఉంటే మన విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. కోడింగ్ వాళ్లకు రూట్లు, రద్దీ, టికెట్ డేటా బోలెడంత పని.

ఈసారి బస్సు రాక స్టాపులో నిలబడినప్పుడు డ్రైవర్‌ని తిట్టేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ రూట్‌కి డబ్బు కేటాయించలేదా, కేటాయించి ఇవ్వలేదా? జవాబు ఆ చివరి గడిలో ఉంటుంది.